తోంగాలో నారచీరే సిరి

నారచీర అనగానే మనకు అడవి గుర్తొస్తుంది. కైక చేతికిచ్చిన నారచీరలు కట్టుకుని రాముడు అయోధ్య విడిచాడు. వాటిని ఎలా చుట్టుకోవాలో తెలియక సీత నిలబడిపోతే అంతఃపుర స్త్రీలు కన్నీళ్లు పెట్టుకున్నారు. మన కథల్లో నారబట్ట మునులది, లేదా రాజ్యం పోగొట్టుకున్నవాళ్లది. ఉన్నదంతా వదులుకున్నామని చెప్పడానికి కట్టే బట్ట అది.

దక్షిణ పసిఫిక్‌లో, న్యూజిలాండ్‌కు ఈశాన్యాన ఉన్న తోంగా రాజ్యంలో ఈ లెక్క తిరగబడుతుంది. చెట్టు నారను కొట్టి సాగదీసి చేసిన బట్టే అక్కడ ఇంటి ఆస్తి. దాన్ని పరుపుల కింద దాచుకుంటారు. పెళ్లికి పెడతారు, చావింటికి పట్టుకెళతారు, పట్టాభిషేకాల్లో రాజు నడిచే దారిలో పరుస్తారు, చెయ్యి ఇరుకైతే తాకట్టూ పెడతారు. మన ఇళ్లలో బంగారం చేసే పనులు చాలావరకు అక్కడ ఈ బట్ట చేస్తుంది. దాని పేరు ఙాతు. అచ్చులూ హల్లులూ దిద్దే రోజుల్లో ఒకసారి పలికి ఆ తర్వాత మరిచిపోయే మన ఙ, తోంగా భాషలో మాటల మొదట్లోనే దర్జాగా కూర్చుంటుంది.

పసిఫిక్ నారబట్టల గురించి ఇంటర్నెట్‌లో వెతికితే కనబడేవి ఎక్కువగా బొమ్మలే. గోధుమరంగు మీద నల్లటి త్రికోణాలు, గళ్లు, ఆకులు, పక్షులు. ‘తాపా డిజైన్’ అనే పేరుతో అవి చొక్కాల మీద, దిండు గలీబుల మీద, ఫోను కవర్ల మీద అమ్ముడవుతున్నాయి. ఆ కళ అంటే ఆ బొమ్మలేనని చూసేవాళ్లు అనుకుంటారు. నేను కాదంటాను. ఙాతులో బొమ్మ చివర వచ్చేది, మారుతూ ఉండేది, అన్నిటికంటే తేలిగ్గా దొంగిలించగలిగేది. దాని అసలు అర్థం నారలో, కొలతలో, పదిమంది చేతులతో అతుక్కోవడంలో, ఆ తర్వాత చేతులు మారడంలో ఉంది. ఇది ఒప్పుకోవాలంటే ముందు అది ఎలా తయారవుతుందో తెలియాలి.

‘తాపా’ అనేది యూరప్ నావికులు పసిఫిక్ అంతటికీ అంటించిన ఒకే పేరు. దీవుల్లో ఎవరి పేరు వాళ్లకుంది. తోంగాలో ఙాతు, సమోవాలో సియాపో, ఫిజీలో మసి, హవాయిలో కాపా. ఫిజీ వాళ్ల మసికీ మన మసికీ చుట్టరికం లేదు, కానీ దాని మీది నలుపు మాత్రం నిజంగా మసే. అలాగే తోంగాలో గోధుమరంగు ఇచ్చే చెట్టు పేరు కోక. మన కోకతో దానికీ సంబంధం లేదు, కానీ బట్ట మాట వచ్చినప్పుడు ఆ ధ్వని చెవికి హాయిగా తగులుతుంది.

అన్నిటికీ మూలం ఒకే మొక్క, కాగితపు మల్బరీ. మన పట్టుపురుగులు తినే మల్బరీకి దగ్గరి చుట్టం. తోంగాలో దాన్ని హియాపో అంటారు. ఇది పసిఫిక్ దీవుల్లో దానంతట అది పుట్టింది కాదు. 2015లో వెలువడిన ఒక జన్యు పరిశోధన, దీవుల్లోని మొక్కల తల్లివేరు తైవాన్ దక్షిణ భాగానిదని చూపించింది. పూర్వం దీవులకు చేరినవన్నీ దాదాపు ఆడమొక్కలే. మగమొక్క లేదు కాబట్టి గింజ పట్టదు. వేరు నుంచి లేచే పిలకలే దానికి సంతానం. అంటే ఈనాడు తోంగాలో ఒక పెరట్లో ఉన్న హియాపో, వేల ఏళ్ల కింద ఎవరో పడవలో వేరుముక్క తడి ఆరకుండా చూసుకుంటూ తెచ్చిన మొక్కకే కొనసాగింపు. సముద్రం దాటడానికి దానికి మనిషి చెయ్యి తప్ప వేరే దారి లేదు.

పెంపకంలో ఒక్క పని తప్పితే మిగతా శ్రమంతా వృథా. కాండం పక్కల నుంచి వచ్చే మొగ్గలను లేతగా ఉన్నప్పుడే గిల్లేస్తూ ఉండాలి. ఒక్క కొమ్మను పెరగనిచ్చినా అది మొలిచిన చోట నారలో కన్ను పడుతుంది, కొట్టి సాగదీసేటప్పుడు ఆ కన్ను పెద్ద చిల్లవుతుంది. అందుకే మొక్కల్ని దగ్గర దగ్గరగా నాటుతారు. వెలుతురు కోసం నిటారుగా పైకి పోతాయి, కొమ్మలు తక్కువ వేస్తాయి. ఏడాది నుంచి ఏడాదిన్నరలోపు, రెండు మూడు మీటర్ల ఎత్తు, బొటనవేలంత లావు ఉన్నప్పుడు నరుకుతారు. ఇంకా ఆగితే నార ముదిరి బిరుసెక్కుతుంది, ఎంత కొట్టినా పరుచుకోదు. తొందరపడి లేతగా కోస్తే పలచబడి చిరుగుతుంది.

నరికిన కాండం నుంచి తోలు మొదలు వైపు గాటు పెట్టి ఒక్క లాగుడుతో కొస దాకా ఒలుస్తారు. కాండం ఎండిపోయేదాకా ఉంచితే తోలు కర్రను పట్టుకుని రాదు. ఒలిచిన తోలులో బయటి ఆకుపచ్చ, గోధుమ పొరను గీకి పారేసి లోపలి తెల్లనారను మాత్రం ఉంచుతారు. గీకడంలో మిగిలిపోయిన బయటి పొర ముక్కలు తర్వాత బట్టలో మచ్చలుగా తేలతాయి. ఈ తెల్లనారను చుట్టచుట్టి ఎండబెట్టి దాచుకోవచ్చు. కొట్టే రోజున నీళ్లలో నానబెడితే చాలు.

ఇక కొట్టడం. తుతువా అనే బరువైన దుంగ, కాస్త నేలకు ఎడంగా, కొట్టినప్పుడు మోగేలా ఉంటుంది. దాని మీద నార పట్టీని పరిచి ఇకే అనే నాలుగు పలకల కొయ్యతో కొడతారు. ఇకేకి వాడేది సరుగుడు లాంటి గట్టి కర్ర. కొన్ని పలకల మీద పొడవునా గాళ్లు ఉంటాయి, ఒకటి నున్నగా ఉంటుంది. పని గాళ్ల పలకతో మొదలవుతుంది. గాళ్ల అంచులు నార పోగుల్ని పక్కలకు తోస్తాయి, దాంతో పట్టీ వెడల్పవుతుంది. నున్న పలక చివరి మెరుగుకు. మొదట్లోనే నున్న పలక వాడితే నార అణిగిపోతుంది గాని సాగదు. అదేపనిగా గాళ్లతోనే కొడితే గాట్ల వెంట చీలుతుంది. మధ్యలో ఎక్కువ దెబ్బలు, అంచుల్లో తక్కువ దెబ్బలు వేయడం చెయ్యి తిరగనివాళ్లు చేసే తప్పు. నడుమ పొర ఉల్లిపొరలాగా అయిపోతుంది, అంచు తాడులా మిగులుతుంది. చేతిలో నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేని పట్టీ, బాగా కొట్టగలిగితే మూరెడు వెడల్పుకు దగ్గరపడుతుంది. అలా తయారైన తెల్లటి పలచని పొరను ఫెతఆకి అంటారు. మగ్గం లేదు, నూలు లేదు, పడుగూ పేకా లేవు. నార తనలో తానే అల్లుకుని బట్టవుతుంది.

ఈ దెబ్బల చప్పుడు పల్లె బతికుందని చెప్పే శబ్దం. ఇద్దరు ముగ్గురు ఒకే దుంగ మీద కొడుతుంటే లయ కుదురుతుంది, ఎవరి దెబ్బ ఎక్కడ పడాలో చెవే చెబుతుంది. ఆదివారం నాడు తోంగాలో పనులన్నీ ఆగుతాయి, ఇకే కూడా మూగబోతుంది.

ఫెతఆకి ఒక్కరే చేసుకోవచ్చు. ఙాతు ఒక్కరు చేయలేరు. నా వాదనకు ఇదే నడుము, కాబట్టి కొంచెం నిలబడి చెబుతాను.

అతికే పనిని కోకఆఙ అంటారు. నడుమ కాస్త ఉబ్బెత్తుగా, పొడుగ్గా ఉన్న బల్లకు రెండు పక్కలా స్త్రీలు ఎదురెదురుగా కూర్చుంటారు. బల్ల మీద ముందే కుపెసి కట్టి ఉంటుంది. కుపెసి అంటే ఉబ్బెత్తు అచ్చుపలక. మొగలి జాతి ఆకు లాంటి పీఠం మీద కొబ్బరి ఈనెలను వంచి, పీచు తాళ్లతో కుట్టి బొమ్మ కడతారు. దాని మీద ఫెతఆకి ముక్కల్ని అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరిచి, రంగులో ముంచిన గుడ్డతో గట్టిగా రుద్దుతారు. నాణెం మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే బొమ్మ తేలినట్టు, కింద ఉన్న ఈనెలు పైన గీతలుగా తేలతాయి. ఆ మీదట రెండో పొర. మొదటి పొర అడ్డంగా ఉంటే ఇది నిలువుగా రావాలి. నారకు పోగు వెంట బలం ఎక్కువ, అడ్డంగా లాగితే చిరుగుతుంది. రెండు పొరలూ ఒకే దిక్కున పడితే బట్ట ఒక లాగుడుకే బారునా చీలుతుంది.

జిగురు కర్రపెండలం గడ్డతోనో, అలాంటి మరో పిండిదుంపతోనో చేస్తారు. గడ్డను సగమే ఉడికించి, చేతిలో పట్టుకుని సబ్బు రుద్దినట్టు బట్ట మీద రుద్దుతారు. పూర్తిగా ఉడికితే జావలా జారి పొరను తడిపేస్తుంది. జిగురు తక్కువైతే ఎండాక పొరలు విడిపోతాయి. ఎక్కువైతే బట్ట అట్టలా బిగుసుకుని మడత దగ్గర పగులుతుంది, పైగా పిండి వాసనకు బొద్దింకలు చేరతాయి. చిల్లులున్న చోట చిన్న నారముక్కను జిగురుతో అతికి మాసిక వేస్తారు. చేయి తిరిగినవాళ్ల అతుకును వెలుతురుకు పట్టి చూస్తే తప్ప కనిపెట్టలేం.

ఒక వరస పూర్తికాగానే బట్టను ముందుకు జరిపి తర్వాతి వరస వేస్తారు. అలా ఒక్కో వరసకూ వచ్చే నిడివిని లఙాఙ అంటారు, అది సుమారు 45 నుంచి 60 సెంటీమీటర్లు. బట్ట అంచున ఈ వరసలకు అంకెలు వేస్తారు. తోంగాలో ఙాతును మీటర్లలో అడగరు, ఎన్ని లఙాఙలు అని అడుగుతారు. 50 లఙాఙలది లౌనిమా, 20 మీటర్లు దాటుతుంది. 100 లఙాఙలది లౌతెఫుహి. వెడల్పు నాలుగు మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇంత పెద్ద బట్టను కట్టుకోవడం కుదరదు, గోడకు తగిలించడమూ కుదరదు. అది మొదటి నుంచీ వేరే పని కోసం పుట్టింది.

ఈ కొలతకు ఇంకో ప్రయోజనం ఉంది. ఙాతును లఙాఙ గీత వెంట కోసి పంచవచ్చు. అలా కోస్తే దాని విలువ చెడదు, ఒక ఆస్తి నాలుగు వాటాలైనట్టు లెక్క. దీనికి పూర్తి విరుద్ధమైన కోత 1787లో లండన్‌లో జరిగింది. కెప్టెన్ కుక్ మూడు యాత్రల నుంచి వచ్చిన నారబట్టలను అలెగ్జాండర్ షా అనే వ్యాపారి చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, పుస్తకాలుగా కుట్టి అమ్మాడు. ఒక్కో ముక్క అరచేతి సైజు నమూనా. గుడ్డల కొట్టులో శాంపిళ్లు చూపించినట్టు. ఆ పుస్తకాలు ఇప్పుడు గ్రంథాలయాల్లో అపురూపమైన నిధులు, పరిశోధకులకు ఎంతో ఉపయోగపడ్డాయి కూడా. అయినా అరచేతి ముక్కలో లఙాఙ ఉండదు, కొలత ఉండదు, ఎవరు ఎవరికి ఇచ్చారన్నది ఉండదు. మిగిలేది రంగూ బొమ్మా. పసిఫిక్ నారబట్టను ‘డిజైన్’గా చూసే అలవాటు ఆ కత్తెరతోనే మొదలైందని నా అభిప్రాయం.

కోకఆఙలో కూర్చునేవాళ్లు కూలికి రారు. మన పల్లెల్లో నాట్లప్పుడు ఒకరి చేలోకి ఒకరు బదులుకు పోయినట్టే, ఈ రోజు నీ బట్ట, రేపు నా బట్ట. ప్రతి ఒక్కరూ తన వంతు ఫెతఆకి ముందే కొట్టి సిద్ధం చేసుకుంటారు. బల్ల దగ్గర మాత్రం అందరి చేతులూ ఒకరి బట్ట మీదే. కాబట్టి పూర్తయిన ఙాతులో దాని యజమానురాలి పని ఎంతుందో, ఆమెకు బాకీ ఉన్న పది ఇళ్ల పనీ అంతే ఉంటుంది.

రంగుల సంగతి. కోక చెట్టు బెరడును గీకి, పీచుజోలెలో వేసి మెలితిప్పి పిండితే ఎర్రగోధుమ రసం దిగుతుంది. అందులో టానిన్ అనే వగరు పదార్థం నిండుగా ఉంటుంది. మడచెట్ల బెరడు నుంచి ఇంకో గోధుమరంగు. నలుపు కోసం నూనె గింజ అయిన కాండిల్‌నట్‌ను కాల్చి, పైన బోర్లించిన పాత్రకు పట్టిన మసిని గీకి కోక రసంలో కలుపుతారు. అచ్చుతో తేలిన గీతలు మసకగా ఉంటాయి కాబట్టి, బట్ట ఎండాక వాటి మీద మళ్లీ ముదురు రంగుతో చేత్తో గీస్తారు. కుంచె ఏమిటంటే ఎండిన మొగలి జాతి పండులోని తొన. దాని పీచు కొసే వెంట్రుకల్లా పనిచేస్తుంది. సమోవాలో వీటికి తోడు పసుపూ, జాఫ్రా గింజల ఎరుపూ వాడతారు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఆ జాఫ్రా మన ఊళ్లలోనూ పెరుగుతుంది.

నలుపు దగ్గర ఒక మెలకువ ఉంది, శ్రీకాళహస్తి కలంకారీ తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. కలంకారీ నలుపు తుప్పు ఇనుమును బెల్లపు నీళ్లలో పులియబెట్టి చేసిన కసిమి నుంచి వస్తుంది. కరక్కాయ టానిన్‌తో ఇనుము కలిసి నల్లబడుతుంది. అందంగా ఉంటుంది గాని ఇనుము కలిసిన నలుపు ఏళ్లు గడిచేకొద్దీ పోగును తినేస్తుంది. పాత గుడ్డల్లో నల్లగీత ఉన్నచోటే చిల్లులు పడేది అందుకే. తోంగా నలుపులో ఉన్నది మసి, అంటే ఉత్త బొగ్గు. నారను ఏమీ చేయదు. నిండా నల్లగా పులిమిన ఙాతు ఉలి అనే రకానికి తోంగాలో గౌరవం ఎక్కువ, పెద్ద ఇళ్ల కార్యాల్లోనే కనబడుతుంది.

ఇక బొమ్మలు. మనులువా అనే కుపెసిలో రెండు పక్షులు ఒకదానికొకటి ఎదురు తిరిగినట్టుంటాయి, తల్లి వైపూ తండ్రి వైపూ గొప్ప వంశమని చెబుతుంది. హలాపైని అంటే పైన్ చెట్ల దారి, రాజభవనానికి పోయే బాట. రాజముద్ర ఉంటుంది, సింహం ఉంటుంది. తోంగాలో సింహాలెక్కడివి? బ్రిటిష్ చిహ్నాల నుంచి వచ్చి చేరాయి. రెండో ప్రపంచయుద్ధంలో రాణి సాలోతె ప్రజలు స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలకు చందాలు పోగుచేశారు, ఆ విమానాలూ ఙాతు మీదికి ఎక్కాయి. ‘ప్రాచీన సంప్రదాయ చిహ్నాలు’ అని చొక్కాల మీద అచ్చేసేవాళ్లు ఈ విమానాల సంగతి చెప్పరు. తోంగా స్త్రీలు ఎన్నడూ బొమ్మను గుడిలో విగ్రహంలా కదలకుండా ఉంచలేదు. కాలానికి తగినదాన్ని వేశారు. మార్చనిది నార, కొలత, రెండు పొరలు, పదిమంది కూర్చునే బల్ల.

బొమ్మను పట్టుకుంటే ఏం జరుగుతుందో ఫిజీలో చూశాం. 2013లో ఎయిర్ పసిఫిక్ అనే విమాన సంస్థ ఫిజీ ఎయిర్‌వేస్‌గా పేరు మార్చుకుంది. విమానం తోక మీది మసి చిహ్నాన్ని మకెరెతా మతెమోసి అనే మసి కళాకారిణి గీసింది, చాలా బాగుంటుంది. ఆ సమయంలోనే 15 మసి బొమ్మలను ట్రేడ్‌మార్కులుగా నమోదు చేయాలని సంస్థ దరఖాస్తు పెట్టింది. ఫిజీ మూలవాసుల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది. వాళ్ల ప్రశ్న సూటిగా ఉంది, తరతరాలుగా అందరూ వేసుకునే బొమ్మకు ఒక కంపెనీ హక్కుదారు ఎలా అవుతుంది? నేను వాళ్ల పక్షమే. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవులో గిర్మిట్, అంటే కూలి ఒప్పందం, రాసుకుని ఓడెక్కినవాళ్ల వారసులైన ఫిజీ తెలుగువాళ్లూ, 1926లో నాడిలో మొదలైన దక్షిణ భారతీయుల సంస్థ సంగం బడుల్లో చదువుకున్నవాళ్లూ నాడి విమానాశ్రయంలో రోజూ చూసే బొమ్మలే అవి. కాబట్టి ఈ గొడవ మనకు మరీ దూరపుదేమీ కాదు.

అయితే చట్టం ఒక్కటే దీన్ని గట్టెక్కిస్తుందని నమ్మలేను. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అయినా ఆ గళ్లను మిల్లు గుడ్డ మీద అచ్చేసి అమ్మేవాళ్లు మానలేదు. బొమ్మను కాపలా కాయడం కష్టం. నారను ఒలవడం, కొట్టడం, అతకడం దొంగిలించలేరు. నేర్చుకోవాల్సిందే.

అసలైన తగువు దీవులవాళ్ల మధ్యే ఉంది, పెపా గురించి. ఆక్లండ్‌లో, సిడ్నీలో, సాల్ట్ లేక్ సిటీలో స్థిరపడిన తోంగా స్త్రీలకు హియాపో తోట ఎక్కడిది? వాళ్లు ఫెతఆకికి బదులు, దర్జీలు కాలరు లోపల పెట్టే బక్రం లాంటి, నేత లేని కృత్రిమ గుడ్డ వాడతారు. దాన్నే పెపా అంటారు. కొన్ని ఙాతుల్లో ఒక పొర పెపా, ఒక పొర నార. కొన్నిటిలో రెండూ పెపాయే. కోక రంగు అదే, కుపెసి అదే, బల్ల అదే, చుట్టూ కూర్చున్న చేతులూ అవే. ఇది నిజమైన ఙాతేనా?

చూడగానే కాదనేవాళ్లున్నారు, మ్యూజియం కళ్లతో చూస్తే కాదనే అనిపిస్తుంది. నా వాదనను నేను చివరిదాకా నమ్మితే మాత్రం అవునని ఒప్పుకోవాలి. కలిసి అతికారు, లఙాఙలు లెక్కపెట్టారు, పెళ్లికి పెట్టారు, పుచ్చుకున్నవాళ్లు దాన్ని గుర్తించారు. దిండు గలీబు మీది తాపా బొమ్మకు వీటిలో ఒక్కటీ లేదు. తోంగాలో స్త్రీలు చేసే సంపదను కోలోవా అంటారు, ఙాతు, చాపలు, కొబ్బరినూనె అందులోకి వస్తాయి. మగవాళ్ల వంతు దుంపలు, పందులు. పెపా ఙాతు కోలోవాగా చెల్లుతోంది. నార ఙాతు ముందు దాని స్థాయి తక్కువేనని ఇచ్చేవాళ్లకూ తెలుసు, పుచ్చుకునేవాళ్లకూ తెలుసు.

అయినా నాకో బెంగ ఉంది. పెపా బొమ్మనూ బల్లనూ కాపాడుతుంది గాని దుంగను కాపాడదు. గిల్లడం, ఒలవడం, గీకడం, కొట్టడం, ఈ మెట్లన్నీ ఒక్కసారిగా అవసరం లేకుండా పోతాయి. బట్ట తత్వమూ వేరు. నార రంగును లోపలికి పీల్చుకుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ కోక మరింత ముదురుతుంది. పెపా మీద రంగు పైపైనే నిలుస్తుంది. చేతిలో పట్టుకుంటే నార ఙాతు పలుకుతుంది, గరగరమంటుంది. పెపా మూగది.

ఇంకో అభ్యంతరాన్ని దాటవేయకూడదు. ఇంట్లో చావు జరిగితే ఙాతులూ చాపలూ పోగుచేయడానికి అప్పులపాలయ్యే కుటుంబాలున్నాయని తోంగావాళ్లే చెబుతారు. ఈ పెట్టుపోతలు భారమని, తగ్గించాలని అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల బాధ నిజం. కట్నకానుకల ఊళ్ల నుంచి వచ్చిన మనం దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ ఆ భారాన్ని తగ్గించుకోవడం వాళ్లలో వాళ్లు తేల్చుకోవాల్సిన మాట. బయటివాళ్లు చేయదగింది ఒకటుంది, కొన్నప్పుడు నారకు తగిన ధర ఇవ్వడం.

ఫిజీలోని సువా, నాడి, తోంగాలోని నుకువలోఫా బజార్లలో కొనేవాళ్లకు నాలుగు మాటలు. బట్టను వెలుతురుకు పట్టండి. నారైతే అడ్డంగా, నిలువుగా పోగులు మబ్బుల్లా కనబడతాయి, అక్కడక్కడ మాసిక వేసిన చిల్లులు తేలతాయి. అచ్చు గుడ్డలో నేత గళ్లు సమంగా ఉంటాయి. వెనక వైపు చూడండి, కుపెసితో రుద్దిన బట్టకు వెనకా ముందూ ఒక్కలా ఉండవు. ఫిజీ మసి మీది అంచులు పదునుగా ఉంటే అనుమానించకండి. అక్కడ అచ్చు రుద్దరు, బొమ్మ ఆకారంలో చిల్లులు కోసిన పలక మీంచి రంగు అద్దుతారు. ఒకప్పుడు అరటాకును కోసి వాడేవాళ్లు, ఇప్పుడు పాత ఎక్స్‌రే ఫిల్ములు వాడుతున్నారు, వాటితో గీత ఇంకా పదునుగా వస్తుంది. వతులేలే, మోదే దీవుల మసికి పేరుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మీదుగా వస్తుంటే మొక్క నుంచి చేసిన వస్తువని కస్టమ్స్‌లో తప్పక చెప్పాలి.

ఇంటికి తెచ్చాక ఉతకకూడదు. తడిస్తే జిగురు కరిగి పొరలు విడిపోతాయి. ఒకే గీత మీద మళ్లీ మళ్లీ మడిస్తే అక్కడే విరుగుతుంది, కాబట్టి శుభ్రమైన నూలుగుడ్డ చుట్టిన గొట్టం మీద చుట్టి పెట్టండి. మన కోస్తా ఉక్కకు బూజు పట్టడం ఖాయం, అప్పుడప్పుడూ విప్పి నీడలో ఆరనివ్వాలి. ఫ్రేము కట్టించేట్లయితే అద్దం బట్టను తాకకూడదు, మధ్య ఖాళీ ఉండాలి. ఎండ పడే గోడ వద్దు.

పుచ్చుకుని దాచడానికీ, దాచినదాన్ని మళ్లీ వాడడానికీ ఎంత తేడా ఉందో ఒక్క లౌనిమా చెబుతుంది. 1953లో ఎలిజబెత్ రాణి తోంగా వచ్చినప్పుడు ఆ సందర్భం కోసం చేసిన ఙాతు అది. 1965 డిసెంబరులో రాణి సాలోతె ఆక్లండ్‌లో కన్నుమూస్తే, ఆమె శవపేటికను విమానంలో స్వదేశానికి తెచ్చేటప్పుడు కింద పరిచింది దాన్నే. ఇప్పుడు వెల్లింగ్టన్‌లోని తె పాపా మ్యూజియంలో ఉంది. దాని మీద ఏం గీసి ఉందో చెబితే దాని కథ చెప్పినట్టు కాదు. ఒక రాణికి స్వాగతం పలికి, ఇంకో రాణిని ఇంటికి తెచ్చిన బట్ట అది.

చప్పుడు ఆగిపోయిన చోట ఏం జరిగిందో కూడా తెలుసు. హవాయి కాపా ఒకప్పుడు పసిఫిక్ అంతటిలోకీ నాజూకైనది. వాళ్లు నారను నీళ్లలో పులియబెట్టి మెత్తబరిచి, చెక్కిన ఇకేలతో బట్టలోపలే నీటిగుర్తులు తేల్చేవాళ్లు, వెదురు అచ్చులతో సన్నని గీతలు వేసేవాళ్లు. మిల్లు గుడ్డ వచ్చాక 19వ శతాబ్దం చివరికి అది దాదాపు ఆగిపోయింది. 1970లలో మళ్లీ మొదలుపెట్టినవాళ్లకు నేర్పే అవ్వలు లేరు. మ్యూజియం బీరువాల్లోని పాత ముక్కలు చూసి, పాత రాతలు చదివి, సమోవా, తోంగా, ఫిజీ స్త్రీల దగ్గర కూర్చుని చెయ్యి తిప్పడం నేర్చుకున్నారు. 2011లో హవాయిలోని మెర్రీ మొనార్క్ ఉత్సవంలో హవాయి సంప్రదాయ నృత్యమైన హులా ఆడే ఒక బృందం నిజమైన కాపా కట్టుకుని ఆడింది.

న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలు తెచ్చుకున్న ఈ మొక్క పేరు ఔతె. అక్కడి చలికి అది సరిగా ఎదగలేదు. 1769లో కుక్ బృందం చూసేసరికి కొద్ది మొక్కలే ఉన్నాయి, వాటి నారబట్టను చెవికి పెట్టుకునే చిన్న ముక్కలుగా అపురూపంగా వాడేవాళ్లు. తర్వాత అదీ పోయింది. మన కాలంలో నికౌ హిందిన్ అనే మావోరీ కళాకారిణి హవాయిలో కాపా కొట్టడం నేర్చుకుని, ఇంటికొచ్చి మళ్లీ ఔతె కొడుతోంది. ఆమెకు నేర్పింది హవాయి, హవాయికి చెయ్యి పట్టి నేర్పింది దుంగ మీద దెబ్బ ఆపని దీవుల స్త్రీలు. తోంగాలో సోమవారం పొద్దున మళ్లీ ఇకే మోగుతుంది.